ఒప్పుకోని పాఠకుడి కోసం రాయండి: విద్యార్థులకు ఒప్పించే వ్యాసం గైడ్

వ్యాసం రాయమనగానే చాలామంది చేసే పని ఒకటే. టాపిక్ గురించి తెలిసిందంతా ఒకచోట పోగేస్తారు. ముందు నిర్వచనం, తర్వాత లాభాలు, నష్టాలు, చివర్లో "కాబట్టి మనమందరం ఆలోచించాలి" అని ఒక వాక్యం. సమాచారం చెప్పే వ్యాసానికి ఇది ఎలాగోలా నడిచిపోతుంది గానీ ఒప్పించే వ్యాసానికి, అంటే పర్సుయేసివ్ ఎస్సేకి, అస్సలు పనికిరాదు. ఇక్కడ చదివే మనిషి మీతో ఏకీభవించడు. ఆ మనిషి చివరిదాకా చదివి, మనసు పూర్తిగా మార్చుకోకపోయినా, "ఇందులో పాయింట్ ఉంది, ఇంత తేలిగ్గా కొట్టిపారేయలేను" అనుకోవాలి. టాపిక్ దగ్గర్నుంచి ముగింపు దాకా మీరు తీసుకునే ప్రతి నిర్ణయమూ ఆ ఒప్పుకోని మనిషిని దృష్టిలో పెట్టుకునే తీసుకోవాలి.

మొత్తం గైడ్‌కి ఒకే ఉదాహరణ వాడుకుందాం: హైస్కూల్ ఉదయం ఎన్నింటికి మొదలవ్వాలి? దీని మీద ప్రతి విద్యార్థికీ ఒక అభిప్రాయం ఉంటుంది, నమ్మదగిన సమాచారం దొరుకుతుంది, పైగా అవతలి పక్షం దగ్గర కూడా గట్టి కారణాలే ఉన్నాయి.

1. టాపిక్: తెలివైనవాళ్లు కాదనగలిగేది కావాలి

"కాలుష్యం ప్రమాదకరం" అంటే ఎవరు కాదంటారు? ఎవరూ కాదనని విషయంలో ఒప్పించడానికి ఏమీ ఉండదు. "క్రికెట్ కంటే ఫుట్‌బాల్ బాగుంటుంది" అనేది ఇష్టానికి సంబంధించింది, ఎన్ని ఆధారాలు చూపించినా తేలదు. "మనిషి చంద్రుడి మీద ఎప్పుడు దిగాడు" అన్నది చూసుకుంటే తెలిసిపోయే విషయం, వాదన అక్కర్లేదు. ఈ మూడూ పోగా మిగిలేవే మనకి కావాలి. వాటిలో ఆధారాలూ ఉంటాయి, వాటిని బట్టి ఏం చేయాలన్న దాని మీద భిన్నాభిప్రాయమూ ఉంటుంది.

సైజు కూడా చూసుకోండి. "విద్యావిధానం మారాలి" అన్న టాపిక్ 800 పదాల్లో ఇమడదు. టీచర్ అంత పెద్ద టాపిక్ ఇచ్చినా, దాని లోపల ఒక చిన్న ప్రశ్న వెతుక్కుని దాని మీదే రాయండి. మీకు నచ్చని పక్షం తరఫున రాయమన్నారనుకోండి, టెన్షన్ పడకండి. ఒక రకంగా అది లాభమే, అవతలివాళ్లు ఏమంటారో మీకు ముందే బాగా తెలుసు కదా.

2. చదివేది ఎవరో ఖాయం చేసుకోండి

"అందరూ" అనే పాఠకుడు ఉండడు. మన ఉదాహరణకి పాఠకుడు ఒక ప్రిన్సిపాల్ అనుకుందాం. మనిషి చెడ్డవాడేం కాదు, పిల్లలంటే ఇష్టమే, కానీ టైమింగ్స్ మారిస్తే బస్సులు, ఆటల ప్రాక్టీస్, తల్లిదండ్రుల ఆఫీసు వేళలు అన్నీ తలకిందులవుతాయని ఆయన భయం. ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాసుకోండి: ఆయన ఇప్పటికే నమ్మేది ఏమిటి, భయపడేది దేనికి, మీ మాటకి సరే అంటే ఆయన నెత్తిన పడే పని ఏమిటి. ఈ మూడో వాక్యాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు, అసలు అడ్డంకి మాత్రం ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

3. థీసిస్: ఒక్క వాక్యం, కానీ ఎక్కువ టైమ్ పెట్టాల్సింది దీని మీదే

మీరు ఏం ఒప్పించబోతున్నారో చెప్పే వాక్యమే థీసిస్. మొదటి ప్రయత్నంలో అది సాధారణంగా ఇలా వస్తుంది:

"నిద్ర విద్యార్థులకు చాలా ముఖ్యం." ప్రిన్సిపాల్ కూడా అవునంటాడు. వ్యాసం అక్కడితో అయిపోయింది.

"ఈ వ్యాసంలో స్కూల్ టైమింగ్స్ గురించి చర్చిస్తాను." ఇది ప్రకటన, అభిప్రాయం కాదు.

"స్కూళ్లు ఆలస్యంగా మొదలవ్వాలి." ఇప్పుడు కాస్త దారిలో పడ్డాం, కానీ ఏ స్కూళ్లు, ఎంత ఆలస్యంగా, ఎందుకు?

"టీనేజ్‌లో రాత్రి నిద్ర పట్టే వేళే ఆలస్యమవుతుంది కాబట్టి, బస్సుల సర్దుబాటు కష్టమైనా సరే, హైస్కూల్ తరగతులు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టకూడదు."

ఈ చివరిదాంట్లో ఏం కావాలో ఉంది, ఎందుకో ఉంది, అవతలివాళ్ల ఇబ్బంది నాకు తెలుసు అన్న సూచన కూడా ఉంది. ప్రిన్సిపాల్ దీన్ని కాదనగలడు, కాదనాలంటే ఏ ముక్కని కాదనాలో కూడా ఆయనకి స్పష్టంగా కనిపిస్తుంది. మీ థీసిస్‌కి ఇదే పరీక్ష పెట్టండి. దాన్ని తిరగేసి "అక్కర్లేదు", "కూడదు" అని మార్చి చదవండి. ఆ తిరగేసిన వాక్యాన్ని బుర్రున్న మనిషి ఎవరైనా అనగలడా? అనలేడంటే థీసిస్ ఇంకా మెత్తగానే ఉందన్నమాట.

4. ఆధారాలు: ఏది ఎంతవరకు రుజువు చేస్తుందో చూసుకోండి

మన టాపిక్ మీద వెతికితే ఇవి దొరుకుతాయి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. మిడిల్, హైస్కూళ్లు ఉదయం 8:30కి గానీ, ఆ తర్వాత గానీ మొదలైతే మంచిదని పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే చెప్పింది. యుక్తవయసు మొదలయ్యాక నిద్రకి సంబంధించిన మెలటోనిన్ హార్మోన్ రాత్రిపూట ఆలస్యంగా విడుదలవుతుందని, దాంతో నిద్ర వేళ రెండు గంటల దాకా జరగొచ్చని పరిశోధకులు చెబుతున్నారు. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టం చేసి, 2022 జులై 1 నుంచి చాలావరకు ప్రభుత్వ హైస్కూళ్లు 8:30 కంటే ముందు మొదలవ్వకూడదని నిబంధన పెట్టింది.

నాలుగూ మన వైపే ఉన్నాయి కదా అని వరసగా అతికించేస్తే పప్పులో కాలేసినట్టే. ఒక్కోటీ ఎంతవరకు పనికొస్తుందో చూడండి. నిద్ర గంటల లెక్క అవసరం ఎంతో చెబుతుంది, స్కూల్ వేళ గురించి ఏమీ అనదు. వైద్యుల సంఘం మాట నిపుణుల అభిప్రాయం, దానికి బరువుంది, కానీ అది సిఫార్సు మాత్రమే. మెలటోనిన్ విషయం కారణం చెబుతుంది, నా ఉద్దేశంలో నాలుగింటిలో గట్టిది ఇదే. కాలిఫోర్నియా చట్టం ఇంత పెద్ద ఎత్తున మార్పు చేయడానికి ఒక ప్రభుత్వం పూనుకుందని చూపిస్తుంది, అంతకుమించి ఏమీ చూపించదు. ఈ నాలుగింటిలో "టైమ్ మారిస్తే మార్కులు పెరుగుతాయి" అని ఒక్కటీ అనడం లేదు! కాబట్టి మీ వ్యాసంలో కూడా ఆ మాట ఉండకూడదు, రాయాలని చేయి ఎంత దురదపెట్టినా. నిజంగా మార్కుల గురించి మాట్లాడాలనుంటే దానికి వేరే ఆధారం వెతకాలి.

ఇంకో వల ఉంది. "ఎక్కువ నిద్రపోయే పిల్లలకి ఎక్కువ మార్కులు వస్తున్నాయి" లాంటి వాక్యం కనిపిస్తే ఆగి ఆలోచించండి. నిద్ర వల్లే మార్కులు వచ్చాయా, లేక ఇంట్లో ప్రశాంతంగా ఉండే పిల్లలకి నిద్రా మార్కులూ రెండూ బాగుంటున్నాయా? రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమైపోదు. చదివేవాళ్లు ఈ చిల్లు పట్టుకున్నారంటే మిగతా వ్యాసాన్ని కూడా అనుమానంగానే చదువుతారు.

నోట్స్ రాసుకునేటప్పుడు ప్రతి ఆధారం పక్కన ఎవరు చెప్పారు, ఏ సంవత్సరం, ఏ వయసువాళ్ల గురించి అని రాసిపెట్టుకోండి. ఏఐ టూల్‌ని అడిగి సమాచారం తెచ్చుకుంటే మాత్రం ప్రతిదాన్నీ అసలు చోటికి వెళ్లి చదివి చూడాల్సిందే, ఎందుకంటే లేని రిపోర్టుని ఉన్నట్టు, పేరూ సంవత్సరంతో సహా, చాలా నమ్మకంగా రాసిచ్చేస్తాయవి. మీకు వ్యతిరేకంగా ఉన్న ఆధారాలు కూడా అదే నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆరో స్టెప్‌లో పనికొస్తాయి.

5. పేరాలో వాదన కట్టడం

ఆధారానికీ అభిప్రాయానికీ మధ్య ఉండాల్సిన ముక్క చాలా వ్యాసాల్లో కనిపించదు. దీన్ని మన న్యాయ దర్శనం (తర్కాన్ని చర్చించే ప్రాచీన భారతీయ తత్వశాఖ) వాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. ఎదుటివాడిని ఒప్పించాలంటే వాదనలో అయిదు భాగాలు ఉండాలన్నారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. వాళ్లు చెప్పే ఉదాహరణ ఇది, అయిదూ అదే వరసలో. కొండ మీద నిప్పు ఉంది. ఎందుకంటే పొగ కనిపిస్తోంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో చూస్తున్నాం కదా. ఈ కొండ మీద ఉన్నదీ అలాంటి పొగే. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది.

మనం మొదటి రెండూ చెప్పి నేరుగా అయిదోదానికి దూకేస్తాం. పొగ ఉంటే నిప్పు ఎందుకు ఉండాలి, ఈ పొగ ఆ రకం పొగేనా అన్న రెండు మెట్లూ చెప్పం, మనకి తెలుసు కాబట్టి చదివేవాళ్లకీ తెలుసనుకుంటాం. స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1958లో వాదన నిర్మాణం గురించి రాస్తూ, ఆధారం నుంచి అభిప్రాయానికి మనల్ని తీసుకెళ్లే ఆ మధ్య సూత్రానికి ప్రత్యేకంగా ఒక స్థానం ఇచ్చాడు. దారి వేరైనా ఇద్దరూ వేలు పెట్టింది దాదాపు ఒకే చోట.

మన టాపిక్‌లో మధ్య మెట్లు లేని పేరా ఇలా ఉంటుంది:

"టీనేజర్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కాబట్టి స్కూల్ ఆలస్యంగా మొదలవ్వాలి."

ప్రిన్సిపాల్ ఒక్క మాటలో తేల్చేస్తాడు: "పెందలాడే పడుకోమనండి." ఇప్పుడు మెట్లు వేసి రాద్దాం:

"13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు 2016లో సూచించారు. పెందలాడే పడుకుంటే సరిపోదా అంటే, ఆ వయసులో అది అనుకున్నంత తేలిక కాదు. యుక్తవయసులో మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవడం వల్ల నిద్ర వేళ రెండు గంటల దాకా జరగొచ్చు, తొమ్మిదింటికే మంచమెక్కినా కళ్లు మూతపడకపోవచ్చు. రాత్రి పదకొండుకి నిద్రపట్టిన పిల్లవాడు ఉదయం ఆరింటికి లేస్తే అతనికి దక్కేది ఏడు గంటలే, కనీస అవసరానికి ఒక గంట తక్కువ. నిద్ర పట్టే వేళ మన మాట వినదు కాబట్టి, మార్చగలిగింది స్కూల్ బెల్లు వేళే."

పేరా పెద్దదైంది, ఆధారాల సంఖ్య మాత్రం పెద్దగా పెరగలేదు. పెరిగింది వాటి మధ్య అతుకు.

ఇలాంటి కారణాలు రెండో మూడో ఉంటే చాలు. అయిదారు పెడితే వాటిలో బలహీనమైనది ఏదో ఒకటి ఉంటుంది, విమర్శించేవాళ్లు సరిగ్గా దాన్నే పట్టుకుంటారు. వరస విషయంలో నాకు నచ్చిన పద్ధతి: రెండో బలమైన కారణం ముందు, అన్నిటికంటే బలమైనది చివర.

6. పూర్వపక్షం: ఎదుటివాళ్ల మాట మీరే చెప్పండి

పాత శాస్త్ర గ్రంథాల్లో ఒక పద్ధతి కనిపిస్తుంది. ముందు ఎదుటి పక్షం వాదన చెప్పి, దాని మీద జవాబు చెప్పి, ఆ తర్వాతే సొంత సిద్ధాంతం నిలబెడతారు. విద్యార్థుల వ్యాసాల్లో అయితే పూర్వపక్షం సాధారణంగా ఒక్క లైనే ఉంటుంది, అది కూడా "కొందరు అవగాహన లేనివాళ్లు దీన్ని వ్యతిరేకిస్తారు" అనే ధోరణిలో. అవగాహన లేనివాడు అనిపించుకున్న పాఠకుడు మీ మాట ఎందుకు వింటాడు చెప్పండి?

ఒక కొలత పెట్టుకోండి. మీరు రాసిన పూర్వపక్షాన్ని ఆ ప్రిన్సిపాల్ చదివి "అవును, నేననేది సరిగ్గా ఇదే" అనాలి. ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టి దాన్ని పడగొడితే గెలిచినట్టు కాదు. వాదనలో దొర్లే తప్పుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, దీని తర్వాత స్థానం "ఇవాళ అరగంట ఇస్తే రేపు స్కూలే వద్దంటారు" తరహా భయపెట్టే గొలుసుకి ఇవ్వొచ్చు.

పూర్వపక్షం చెప్పాక జవాబు మూడు రకాలుగా ఉండొచ్చు. ఆ వాదన తప్పని చూపించడం ఒకటి. అది నిజమే గానీ మన కారణాలే ఎక్కువ తూగుతాయని చూపించడం రెండోది. అది నిజమే, కాబట్టి నా ప్రతిపాదనని ఇంత మేరకు మార్చుకుంటున్నాను అనడం మూడోది. ఓడిపోయినట్టు ఉంటుందేమోనని విద్యార్థులు ఈ మూడోదాని జోలికే పోరు, కానీ చదివేవాళ్లకి మీ మీద గురి కుదిరేది ఎక్కువగా అక్కడే. ఇలా రాయొచ్చు:

"ఒకే బస్సు రెండు మూడు స్కూళ్లకి తిరిగేచోట ఒక స్కూల్ వేళ మారిస్తే మిగతావాటి వేళలు కూడా కదులుతాయి. ఉదయం పిల్లల్ని దింపి పనికెళ్లే తల్లిదండ్రులకీ ఇబ్బందే. ఈ కష్టం నిజమైనది, వచ్చే నెల నుంచే మార్చేయాలని నేను అనడం లేదు. కాలిఫోర్నియాలో చట్టం 2019లో వచ్చినా, అమలుకి 2022 జులై దాకా సమయం ఇచ్చారు. మన దగ్గర కూడా తేదీ ముందే ప్రకటించి, బస్సుల రూట్లు సర్దుకోవడానికి గడువు ఇస్తే సరిపోతుంది."

చూశారా, నాలుగో స్టెప్‌లో "అంతకుమించి ఏమీ చూపించదు" అనుకున్న ఆధారం ఇక్కడ సరిగ్గా అతికింది. పూర్వపక్షాన్ని ఎక్కడ పెట్టాలి అంటే, చదివేవాళ్లు గట్టిగా వ్యతిరేకించే రకమైతే ముందే పెట్టండి, లేకపోతే వాళ్ల మనసంతా "మరి బస్సుల సంగతో?" అన్నదాని మీదే ఉండి మిగతాది తలకెక్కదు. అంత వ్యతిరేకత లేకపోతే మీ కారణాలు అయ్యాక పెట్టినా పర్లేదు.

7. మనిషి మీద నమ్మకం, మనసుని తాకడం

ఒప్పించడానికి మూడు దారులున్నాయని క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ చెప్పాడు: చెప్పే మనిషి మీద నమ్మకం, వినేవాళ్ల భావోద్వేగం, తర్కం. వాటినే ఎథోస్, పాథోస్, లోగోస్ అంటారు. తర్కం గురించి ఇప్పటిదాకా మాట్లాడుకున్నాం.

విద్యార్థికి పదవి, డిగ్రీ ఉండవు కాబట్టి నమ్మకం రాతలోంచే రావాలి. సంస్థ పేరు సరిగ్గా రాయడం, "జరగొచ్చు" అన్నదాన్ని "జరుగుతుంది" అని పెంచకపోవడం, అవతలివాళ్లని వెక్కిరించకపోవడం, వీటితోనే అది వస్తుంది. భావోద్వేగానికి వస్తే, "పాపం విద్యార్థులు ఎంతో దయనీయమైన, హృదయవిదారకమైన స్థితిలో" అంటూ విశేషణాలు గుమ్మరించకండి. మొదటి పీరియడ్‌లో బోర్డు మీది లెక్క రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను గీత కిందికి జారిపోయిన నోట్‌బుక్ పేజీని చూపించండి చాలు. వ్యాసం మొత్తానికి అలాంటిది ఒకటి ఉంటే సరిపోతుంది.

8. మొదలు, ముగింపు

మొదటి పేరా చివర్లో రాయండి. వాదన అంతా కాగితం మీదికి వచ్చాక గానీ దేనికి పరిచయం రాయాలో తెలియదు. "నేటి ఆధునిక సమాజంలో", "మానవుడు పుట్టినప్పటి నుంచి" లాంటివి, డిక్షనరీ నిర్వచనాలు తీసేయండి. వాటి కింద ఏ టాపిక్ పెట్టినా సరిపోతుంది, అంటే అవి మీ టాపిక్ గురించి ఏమీ చెప్పడం లేదు. సమస్య ఎక్కడుందో రెండు మూడు వాక్యాల్లో చూపించి థీసిస్‌కి వచ్చేయండి.

ముగింపులో చెప్పిందే మళ్లీ చెప్పక్కర్లేదు, కొత్త కారణం అసలే తేవద్దు. చదివేవాళ్లు ఏం చేయాలో అడగండి, అది వాళ్ల చేతిలో ఉన్న పనే అయి ఉండాలి. "ప్రభుత్వాలు, సమాజం మేల్కోవాలి" అంటే ప్రిన్సిపాల్ చేయగలిగింది ఏమీ లేదు. "వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ విషయాన్ని ఎజెండాలో పెట్టండి, ఒక టర్మ్ పాటు ప్రయత్నించి హాజరు ఎలా ఉందో చూడండి" అంటే ఆయనకి అవుననో కాదనో చెప్పక తప్పదు.

9. దిద్దడం

డ్రాఫ్ట్ అయ్యాక ఒక రోజు పక్కన పెట్టగలిగితే పెట్టండి. తర్వాత ప్రతి పేరా పక్కన అది చేసే పని ఏమిటో ఒక్క లైన్‌లో రాయండి. రాయలేకపోయారంటే ఆ పేరాలో రెండు విషయాలైనా కలిసిపోయి ఉంటాయి, లేదా ఒక్కటీ ఉండదు. ఆ తర్వాత "కాబట్టి", "అందుకే", "దీనివల్ల" అన్న మాటలన్నిటికీ సున్నా చుట్టి, ముందు వాక్యం నుంచి తర్వాతి వాక్యం నిజంగానే వస్తోందా అని ఒక్కోదాన్నీ అడగండి. ఆ మాట ఉన్నంత మాత్రాన కారణం ఉన్నట్టు కాదు. "నిస్సందేహంగా", "ఇది అందరికీ తెలిసిందే" లాంటివి కనబడితే కొట్టేయండి, సందేహం ఉన్నచోటే మనం ఆ మాటలు వాడుతుంటాం.

చివరిగా ఎవరిచేతైనా చదివించండి, మీతో ఏకీభవించనివాళ్లయితే మరీ మంచిది. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనేస్తారు. "ఏ లైన్ దగ్గర నన్ను నమ్మడం మానేశావు?" అని అడగండి, వాళ్లు వేలు పెట్టి చూపిస్తారు.

పరీక్ష హాల్లో అయితే

ఇన్ని స్టెప్పులకి టైమ్ ఉండదు. 45 నిమిషాలుంటే పది నిమిషాలు ప్లాన్‌కి, అయిదు చివర్లో చదువుకోవడానికి ఉంచుకోండి. ప్లాన్ అంటే థీసిస్, రెండు కారణాలు, ఒక పూర్వపక్షం, అంతే. అంకెలు గుర్తులేకపోతే సొంతంగా పుట్టించకండి, మధ్య మెట్లు సరిగ్గా వేస్తే అంకెలు లేకుండానే పేరా నిలబడుతుంది. మిగిలిన అయిదు నిమిషాల్లో మొత్తం చదివే టైమ్ కూడా లేదనిపిస్తే థీసిస్, చివరి పేరా మాత్రం పక్కపక్కన పెట్టి చూసుకోండి. రాస్తూ రాస్తూ వాదన కాస్త పక్కకి జరగడం మామూలే. రెండూ వేర్వేరు మాటలు చెబుతుంటే థీసిస్‌నే దిద్దండి, మార్చాల్సింది ఒక్క వాక్యమే కదా.